ఒక గోళం, రెండు పుస్తకాలు

మా దివిసీమలో క్షేత్రం అంటే వరి పండే పొలం. లేదా కృష్ణ సముద్రంలో కలిసేచోట, వేణుగోపాలస్వామి కొలువున్న హంసలదీవి లాంటి పుణ్యస్థలం. డిగ్రీ భౌతికశాస్త్రంలో ఆ మాటకు మూడో అర్థం ఎదురవుతుంది: విద్యుత్ క్షేత్రం. బిందు ఆవేశానికి ఒక సూత్రం, పొడవాటి తీగకు ఒకటి, గోళానికి ఒకటి అంటూ ఇంటర్‌లో కంఠస్థం చేసిన పిల్లలు, కొత్త ఆకారం ఇచ్చి క్షేత్రం లెక్కగట్టమంటే ఆగిపోతారు. లెక్కలు రాక కాదు, సూత్రం ఎలా పుట్టిందో చూడక.

ఆ పుట్టుకను చూపించే రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి బర్కిలీ ఫిజిక్స్ కోర్సులో రెండో సంపుటంగా 1965లో వచ్చిన ఎడ్వర్డ్ పర్సెల్ ‘ఎలక్ట్రిసిటీ అండ్ మాగ్నెటిజం’. రెండోది అమెరికాలోని రీడ్ కాలేజీలో అధ్యాపకుడిగా ఉండగా డేవిడ్ గ్రిఫిత్స్ 1981లో వెలువరించిన ‘ఇంట్రడక్షన్ టు ఎలక్ట్రోడైనమిక్స్’.

గ్రిఫిత్స్ మొదటి అధ్యాయమంతా సదిశల గణితమే. ఆ పనిముట్లన్నీ చేతికొచ్చాకే రెండో అధ్యాయంలో ఆవేశాల దగ్గరికి తీసుకెళ్తాడు. పర్సెల్ తొలి పేజీల నుంచే ఆవేశాలతో మొదలుపెట్టి, గణితాన్ని అవసరం పడినప్పుడు అందిస్తాడు. ఒకరు ఒడ్డున కూర్చోబెట్టి వల అల్లడం నేర్పుతారు, మరొకరు పడవలోకి ఎక్కించాక వల చేతికిస్తారు. గణితంలో తడబడే విద్యార్థికి మొదటి దారి భరోసా ఇస్తుంది. అయితే ఆ గణితమంతా దేనికోసమో తెలియక అక్కడే విసిగిపోయేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు పర్సెల్ కావాలి.

ఈ తేడా అభివాహం (ఫ్లక్స్) దగ్గర బాగా కనిపిస్తుంది. గ్రిఫిత్స్ క్షేత్రరేఖలు గీసి, ఒక తలం గుండా ఎన్ని రేఖలు పోతున్నాయో ఊహించమంటాడు. పర్సెల్ పారే ద్రవంలో ఒక తీగ చట్రం ఉంచి, దాని గుండా ఎంత ద్రవం పోతోందో చూడమంటాడు. డెల్టా పిల్లలకు ఈ రెండోది వెంటనే పట్టుబడుతుంది. పై మడవలోంచి మడిలోకి వచ్చిన నీటికన్నా కింది మడవలోంచి పోయే నీరు ఎప్పుడూ ఎక్కువగా ఉంటే, మడిలో ఎక్కడో ఊట ఉన్నట్టే. గట్టు దిగకుండానే ఆ మాట చెప్పొచ్చు. మూసిన తలంలోంచి బయటికి పోయే అభివాహాన్ని బట్టి లోపలి ఆవేశాన్ని తేల్చే గాస్ నియమం చెప్పేదీ అదే. అభివాహంలో ఉన్న ‘వాహం’ ప్రవాహంలోనిదేనని తరగతిలో ఒక్కసారి చెబితే ఎంత బాగుంటుంది!

అసలు పరీక్ష బోలు గోళం. దాని ఉపరితలమంతా ఆవేశం సమంగా పరుచుకుని ఉంది. గాస్ నియమం ఇంకా చెప్పకముందే గ్రిఫిత్స్ ఈ లెక్క ఇస్తాడు. గోళాన్ని సన్నని వలయాలుగా కోసి, ఒక్కొక్కదాని వాటా కూడాలి. పేజీ నిండిపోతుంది. చివర ఒక వర్గమూలం వస్తుంది. క్షేత్రం లెక్కగడుతున్న బిందువు గోళం బయట ఉంటే, కేంద్రం నుంచి దాని దూరంలోంచి వ్యాసార్థం తీసేయాలి, లోపల ఉంటే వ్యాసార్థంలోంచి దూరం తీసేయాలి. ఈ ఒక్కచోట పొరబడితే, క్షేత్రం సున్నా కావలసిన లోపలి భాగంలోనూ బయటి సమాధానమే వస్తుంది. తర్వాత గాస్ నియమం చెప్పి, అదే గోళాన్ని మళ్ళీ ఇచ్చి, రెండు సమాధానాలూ పోల్చమంటాడు. ఈసారి రెండు వరుసల్లో పని అయిపోతుంది.

ఆ రెండు వరుసలకు బలం సౌష్ఠవం. అది లేనిచోట గాస్ నియమం నిజమే అయినా, దానొక్కదానితో క్షేత్రం తేలదు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం, తోటి శాస్త్రవేత్త వెంకటరాయుడితో కలిసి, సౌష్ఠవాన్ని పట్టుకునే గణితమైన గ్రూపు సిద్ధాంతాన్ని భౌతికశాస్త్రంలో వాడడం మీద పుస్తకమే రాశారు. అణువుల కంపనాల్లో, స్ఫటికాల్లో సౌష్ఠవం ఎంత శ్రమ తగ్గిస్తుందో చూపిన మనిషి మన ప్రాంతంవాడేనని మన పిల్లలకు తెలియాలి.

పర్సెల్ అదే గోళాన్ని గాస్ నియమంతోనే తేల్చేస్తాడు, కానీ అక్కడ ఆగడు. లోపల సున్నా, బయట పూర్తి క్షేత్రం. మరి గోళం మీదే ఉన్న ఆవేశానికి తగిలేది ఎంత? రెండింటి సగటు, అంటే బయటిదాంట్లో సగం. ఇప్పుడు ఆ వికర్షణకు ఎదురొడ్డి గోళాన్ని కొద్దిగా కుదిస్తే, మనం చేసిన పని ఎక్కడికి పోయింది? అంతవరకూ క్షేత్రం లేని పలుచటి పొరలో ఇప్పుడు క్షేత్రం పుట్టింది, ఆ శక్తికి లెక్క అక్కడ సరిపోతుంది. క్షేత్రం లెక్క కోసం కల్పించుకున్న బాణం గుర్తు కాదని ఇంత సూటిగా చూపిన పాఠం నాకు మరొకటి కనబడలేదు.

లోపాలు ఇద్దరిలోనూ ఉన్నాయి. పర్సెల్ పాత ముద్రణలు సీజీఎస్ ప్రమాణాల్లో ఉండి మనవాళ్ళను తికమకపెట్టేవి. 2013లో డేవిడ్ మోరిన్ చేర్పులతో వచ్చిన మూడో ముద్రణ ఎస్ఐకి మారింది. గ్రిఫిత్స్ రెండు బిందువుల మధ్య దూరానికి వాడే వంకర ‘ఆర్’, నల్లబల్ల మీద మామూలు ‘ఆర్’తో కలిసిపోతుంది.

ఏది ముందంటే, నేను గ్రిఫిత్స్‌నే చేతిలో పెడతాను, ఆ గోళం లెక్క కోసం. పర్సెల్ అడిగే ప్రశ్న గొప్పదే, కానీ వలయాలు కూడి అలసినవాడికే అది ప్రశ్నగా తగులుతుంది. సమయం చాలదని మన తరగతుల్లో కష్టమైన కూడికను వదిలేసి సులువు దారి ఒక్కటే చెప్పడం పిల్లలకు చేస్తున్న అన్యాయం. ‘లోపల సున్నా’ అని రాయడానికి క్షణం పట్టదు. గోళం నలువైపుల నుంచీ వచ్చే తోపుళ్ళు ఒకదాన్నొకటి ఎలా చెరిపేసుకున్నాయో చేత్తో కూడి చూసినవాడికే ఆ సున్నా అర్థమవుతుంది.