రెండు వారాలు, నాలుగేళ్లు

పీచు పెద్దపేగును క్యాన్సర్ నుంచి కాపాడుతుందా? 2000లో వెలువడిన అమెరికా పాలిప్ నివారణ పరీక్ష అలాంటిదేమీ కనబడలేదంది. 2015లో స్టీఫెన్ ఓకీఫ్ బృందం చేసిన ఆహార మార్పిడి ప్రయోగం కాపాడే తీరును చూపింది. పక్కపక్కన పెట్టి చదివితే ఇవి ఒకదాన్నొకటి కొట్టేయవు. ఒకటి పేగు లోపొరపై మొలిచే పాలిప్‌లనే గడ్డలను లెక్కపెట్టింది, మరొకటి కణవిభజన వేగాన్ని కొలిచింది.

మొదటిదాంట్లో 2,079 మంది, నాలుగేళ్లు. అందరూ పాలిప్ తీయించుకున్నవాళ్లే. ఒక వర్గాన్ని కొవ్వు తగ్గించి, 1000 కేలరీలకు 18 గ్రాముల పీచు తినమన్నారు. పాలిప్‌లు మళ్లీ వచ్చినవాళ్లు అందులో 39.7 శాతం, మామూలుగా తిన్నవాళ్లలో 39.5. ఇంత పకడ్బందీ పరీక్షను తోసిపుచ్చలేం. అయితే 2000 కేలరీల తిండికి ఆ పీచు 36 గ్రాములే, పైగా అప్పటికే మార్పు మొదలైన పేగులవి.

రెండోది చిన్నది. 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లు, 20 మంది దక్షిణాఫ్రికా పల్లెవాసులు రెండు వారాలు ఒకరి తరహా తిండి మరొకరు తిన్నారు. అమెరికన్లకు పీచు రోజుకు 14 గ్రాముల నుంచి 55కి పెరిగింది, పేగు లోపొరలో కణవిభజన నెమ్మదించింది. పల్లెవాసుల్లో అది ఎక్కువైంది. పీచును బాక్టీరియా పులియబెడితే బ్యూటిరేట్ పుడుతుంది. లోపొర కణాలకు అది ఇంధనం, దారితప్పిన కణాలకు కళ్లెం. కొవ్వు ఎక్కువైతే పిత్తామ్లాలు పేగులోకి ఎక్కువగా దిగుతాయి. బాక్టీరియా వాటిని పొరను గాయపరిచే రూపంలోకి మారుస్తాయి, గాయం పూడ్చడానికి కణాలు తొందరపడి విభజన చెందుతాయి. తిండి నుంచి డీఎన్ఏకూ దెబ్బ తగలొచ్చు: మాడిన చేపలో డీఎన్ఏను మార్చే పదార్థాలున్నాయని 1977లో తకాషి సుగిమురా బృందం చూపింది. అలాంటి దెబ్బ తొందరలో ఉన్న కణానికి తగిలితే, సరిదిద్దుకునే లోపే తప్పు పిల్లకణాలకు చేరిపోతుంది.

నా మొగ్గు రెండోదాని వైపే. కానీ అందులో కొవ్వు, మాంసం కూడా మారాయి, ఘనతంతా పీచుకే ఇవ్వలేం. క్యాన్సర్‌ను అది కొలవనూ లేదు.

ఇక మన తిండి సంగతి: కలిదిండి, కొల్లేటి ఊళ్లలో నూనె తీసిన తవుడు చేపల చెరువులకు మేతగా పోతుంది, తెల్లబియ్యం కంచంలోకొస్తుంది. ఉడికిన ఉలవలు గొడ్లకు, చారు మనకు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల తెల్లబియ్యానికి పీచు 2.81 గ్రాములు, ముడిబియ్యానికి 4.43, కందిపప్పుకు 9.06. బియ్యం మార్చినంత మాత్రాన 55 అందదు. అన్నంలో పప్పు వాటా పెరగాలి, చారు వంచేసిన ఉలవలు గుగ్గిళ్లుగా మన కంచంలోకే రావాలి.