దిగుడు దారికి దిద్దిన సైకిలు

ట్రైల్ బైక్ రాజీ మీద నిలబడ్డ యంత్రం. తొక్కేవాడు సొంత కాళ్లతో కొండెక్కాలి, మళ్లీ అదే సైకిలు మీద దిగాలి. అందుకని దానికి మామూలుగా 120 నుంచి 150 మిల్లీమీటర్ల దాకా సస్పెన్షన్, మోయదగ్గ బరువు, ఎక్కేటప్పుడు ముందు చక్రం గాల్లోకి లేవని కూర్పు ఇస్తారు. డౌన్‌హిల్ బైక్‌కు ఆ చిక్కు లేదు. గోండోలాయో లారీయో దాన్ని పైకి చేరుస్తుంది, దాని పని దిగడమే. దానికి 200 మి.మీ. సస్పెన్షన్ ఉంటుంది, బరువు గురించి పెద్దగా బెంగ ఉండదు. మొదటి సైకిలును రెండోదానికి దగ్గరగా తీసుకెళ్లడం ఒక ప్రత్యేకమైన పనితనం. దాన్ని ఎంత దగ్గరగా చూస్తే అంత గౌరవం కలుగుతుంది నాకు. ఖరీదైన పార్టులు ఎవరైనా కొనగలరు. ఒక మార్పు తన వెంట ఇంకే మార్పును లాక్కొస్తుందో ముందే లెక్క కట్టి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేవాడే అసలైన మెకానిక్.

ఉదాహరణకు అమెరికా కంపెనీ స్పెషలైజ్డ్ 2020 చివర్లో తెచ్చిన స్టంప్‌జంపర్ ఈవోను తీసుకుందాం. ముందు 160, వెనక 150 మి.మీ. సస్పెన్షన్, 29 అంగుళాల చక్రాలు. ఆ పేరుకు చరిత్రలో పెద్ద చోటే ఉంది. పెద్ద ఎత్తున తయారై దుకాణాల్లోకి వచ్చిన మొదటి మౌంటెన్ బైక్ 1981 నాటి స్టంప్‌జంపరే. దానికి అయిదేళ్ల ముందు, 1976 అక్టోబరులో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఫెయిర్‌ఫ్యాక్స్ ఊరి దగ్గర కొందరు కుర్రాళ్లు ఒక మట్టిదారిలో పోటీలు మొదలుపెట్టారు. దాదాపు 3 కిలోమీటర్ల దారి, 400 మీటర్ల దిగుడు. వాళ్ల దగ్గర ఉన్నవి 1930, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్లు. పెడలు వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకు వాటిది. ఒకసారి దిగేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరితేగాని ఇంకోసారి దిగడానికి లేదు. అందుకే ఆ పోటీకి రీప్యాక్ అని పేరు పడింది. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ లాంటివాళ్లు ఆ పాత ఫ్రేములకే డ్రమ్ బ్రేకులు, మోటార్‌సైకిల్ బ్రేకు లివర్లు, గేర్లు అమర్చుకున్నారు. ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు పెట్టాడు. పాత ఫ్రేము ఇక చాలదని తేలాక జో బ్రీజ్ 1977లో కొత్త ఫ్రేము తన చేతులతోనే కట్టాడు. ఒక పనికి చేసిన సైకిలును దిగుడు కోసం మార్చుకునే కృషిలోంచే ఈ జాతి మొత్తం పుట్టింది. ఇవాళ ఒక ట్రైల్ బైక్‌ను డౌన్‌హిల్‌కు దిద్దే మెకానిక్ చేసేది ఆ పాత పనే, పనిముట్లు మాత్రం నాజూకైనవి.

నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది ఈవో హెడ్‌ట్యూబ్‌లో, అంటే ఫోర్కు దూరే ముందు గొట్టంలో, ఉండే ఒక చిన్న కప్పు. ఫోర్కు నేలతో చేసే కోణాన్ని హెడ్ యాంగిల్ అంటారు. సమతలం మీద 64.5 డిగ్రీలుండే ఫోర్కు, 20 డిగ్రీల వాలులో దిగుతున్నప్పుడు అసలు భూమట్టంతో 84.5 డిగ్రీలు చేస్తుంది. దాదాపు నిట్టనిలువన్నమాట. ముందు చక్రం రాయికి తగిలితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడేది అప్పుడే. ఫోర్కును ఇంకాస్త వాలిస్తే చక్రం మనిషికి ముందుగా జరుగుతుంది, దెబ్బ కూడా ఫోర్కు కుదించుకునే దిశకు దగ్గరగా వస్తుంది. డౌన్‌హిల్ బైకులు 63 డిగ్రీల దగ్గర ఉండేది ఇందుకే.

ఈ కోణం సంపాదించడానికి చాలామంది పట్టే దారి పొడవైన ఫోర్కు. దాని లెక్క చూడండి. 10 మి.మీ. ఎక్కువ ఫోర్కు పెడితే ముందు భాగం 9 మి.మీ. లేస్తుంది. చక్రాల మధ్య దూరం 1200 మి.మీ. అనుకుంటే కోణం అర డిగ్రీ కూడా తగ్గదు. ఈలోగా పెడళ్ల ఇరుసు 3 మి.మీ. పైకి పోతుంది, సీటు వెనక్కి వాలుతుంది, హ్యాండిల్ మనిషికి దగ్గరవుతుంది. కోరింది ఒకటి, వచ్చినవి నాలుగు. ఈవోలో అయితే హెడ్‌ట్యూబ్ పైభాగంలో రంధ్రం పక్కకు జరిగి ఉన్న కప్పును తిప్పి పెడితే చాలు, ఒక డిగ్రీ ఇటో అటో మారుతుంది. వెనక పివట్ దగ్గర ఇంకో చిన్న బిళ్లను తిరగేస్తే అర డిగ్రీ. ఈ రెండూ కలిపితే 63 నుంచి 65.5 డిగ్రీల దాకా ఆరు అమరికలు. ఇలాంటి ఏర్పాటు లేని ఫ్రేములకు బ్రిటన్‌లో వర్క్స్ కాంపొనెంట్స్, అమెరికాలో కేన్ క్రీక్ కోణం మార్చే హెడ్‌సెట్లు చేస్తాయి. వాటిని ప్రెస్‌తో దించాలి. కప్పు వెంట్రుకవాసి మెలితిరిగినా హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది కాబట్టి, గొట్టం మధ్యరేఖతో సరిచూసి దించే మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. ఒక్క డిగ్రీ కోసం ఇంత శ్రద్ధ పెట్టడం నా దృష్టిలో ఈ కళలోకెల్లా సొగసైన భాగం.

బ్రేకుల విషయంలో ఊహలకన్నా అంకెలు బాగా మాట్లాడతాయి. స్కాట్లండ్‌లో ఫోర్ట్ విలియం డౌన్‌హిల్ దారి పై నుంచి కింద దాకా దాదాపు 550 మీటర్ల దిగుడు. 80 కిలోల మనిషి, 16 కిలోల సైకిలు అక్కడ దిగితే విడుదలయ్యే శక్తి 5 లక్షల జౌళ్లకు పైమాటే. లీటరున్నర చన్నీళ్లను మరిగించడానికి సరిపోయేంత వేడి అది. అందులో కొంత గాలికి, టైర్లకు, షాక్‌కు పోయినా, మిగతాదంతా రెండు పలుచని ఉక్కు పళ్లేలు, అంటే బ్రేకు రోటర్లు, మోయాలి. చాలా ట్రైల్ బైకులకు 180 మి.మీ. రోటర్లు వస్తాయి. 203 మి.మీ. రోటరు వేస్తే అదే వేలి నొక్కుకు ఆపే బలం 13 శాతం పెరుగుతుంది, వేడిని మోసే లోహమూ పెరుగుతుంది. రెండు పిస్టన్ల క్యాలిపర్ తీసి షిమానో సెయింట్, శ్రామ్ కోడ్ లాంటి నాలుగు పిస్టన్లది పెడితే ప్యాడు పెద్దదవుతుంది. రెసిన్ ప్యాడ్ల బదులు సింటర్డ్ లోహపు ప్యాడ్లు వేస్తే వేడెక్కినా పట్టు తొందరగా సడలదు.

ఇంతవరకూ కొనుగోలే. ఇక చేతిపని చూడండి. శ్రామ్ రోటరు 200 మి.మీ., షిమానోది 203. అడాప్టరు ఒకదాని బదులు ఇంకొకటి పెడితే ప్యాడు రోటరు మీద ఒకటిన్నర మి.మీ. తప్పు చోట పడుతుంది. బ్రేకు పడుతూనే ఉంటుంది గాని, ప్యాడు అంచు అరగకుండా మిగిలి గట్టులా లేస్తుంది. మంచి మెకానిక్ ఆ తేడాను కొలిచి చూసుకుంటాడు. షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిల్, శ్రామ్ కోడ్‌లో డాట్ ద్రవం. ఒకదాంట్లో ఇంకొకటి పోస్తే రబ్బరు సీళ్లు పాడవుతాయి. డాట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరిన ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. పొడవాటి దిగుడు మధ్యలో లివరు మెత్తబడి హ్యాండిల్‌కు ఆనుకుంటే కారణం చాలాసార్లు అదే. గాలిబుడగ ఒక్కటి మిగలకుండా బ్లీడ్ చేసి, కొత్త ప్యాడ్లను ఇరవై ముప్ఫైసార్లు మెల్లగా ఆపుతూ రోటరుకు అలవాటు చేశాకే ఆ సైకిలు కొండకు సిద్ధమైనట్టు.

టైర్లు, చక్రాలు. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ నేలకు తెలిసేది ఇక్కడే. మాక్సిస్ కంపెనీ దక్షిణాఫ్రికా రేసర్ గ్రెగ్ మినార్‌తో కలిసి చేసిన అసెగై టైరు 2018లో వచ్చింది. ఫోర్ట్ విలియంలో ఎన్నోసార్లు గెలిచిన మనిషి కాబట్టి తడిరాయి మీద టైరుకు ఏం కావాలో ఆయనకు తెలుసు. మధ్య గడ్డలకూ పక్క గడ్డలకూ నడుమ ఖాళీ వదలకుండా ఇంకో వరస గడ్డలు పెట్టారు. సైకిలును వంచుతున్నప్పుడు పట్టు ఒక్కసారిగా జారిపోని గుణం దానికి అలా వచ్చింది. అదే టైరు పలుచని ఎక్సో పొరతోనూ దొరుకుతుంది, రెండు పొరల డౌన్‌హిల్ కేసింగుతోనూ దొరుకుతుంది. రెండోది టైరుకు కొన్ని వందల గ్రాములు ఎక్కువ. ఆ బరువు చక్రం అంచున తిరుగుతుంది కాబట్టి ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ కాళ్లకు తెలుస్తుంది. ఎక్కడం మానని మనిషికి నేను చెప్పేది ఒకటే: ముందు మెత్తని రబ్బరు, వెనక బలమైన పొర. దిశ చూపేది ముందు చక్రం, రాళ్ల దెబ్బ మోసేది వెనకది. వెనక టైరులో కుష్‌కోర్ లాంటి ఫోమ్ వలయం పెడితే రిమ్ము సొట్టపడే భయం తగ్గుతుంది, గాలి ఒకటి రెండు పీఎస్ఐ తగ్గించుకునే వీలొస్తుంది.

చక్రం కట్టడం దగ్గర మన ఊళ్ల సైకిల్ షాపు మేస్త్రీకీ ప్రపంచకప్పు మెకానిక్‌కీ విద్య ఒకటే. బెండు తీయడమంటే ఏమిటో తెలిసినవాడికి డౌన్‌హిల్ చక్రం కొత్తేమీ కాదు. 32 పుల్లలు, ఒక్కో పుల్ల ఇంకో మూడింటిని దాటుకుని రిమ్ము చేరే అల్లిక. ఆ పుల్లల్లో ఒక విచిత్రం ఉంది. రెండు కొసల్లో 2 మి.మీ., నడుమ 1.8 మి.మీ. మందమున్న పుల్ల, కొస నుంచి కొసకు 2 మి.మీ. ఉన్న పుల్లకన్నా ఎక్కువ కాలం మన్నుతుంది. నడుము సన్నగా ఉండడంతో దెబ్బకు అది కాస్త సాగి తేరుకుంటుంది. హబ్బు దగ్గర వంపులో అలసట పేరుకోదు, పుల్ల సాధారణంగా విరిగేది ఆ వంపులోనే. రిమ్ము ఒప్పుకునే దాకా, మామూలుగా 110 నుంచి 120 కిలోల బలం దాకా, పుల్లలన్నిటినీ సమంగా బిగించాలి. చక్రం నిటారుగా తిరిగినంత మాత్రాన పని అయిపోలేదు. ఒక పుల్ల గట్టిగా, పక్కది వదులుగా ఉన్నా చక్రం నిటారుగానే తిరగవచ్చు, తొలి రాళ్లగుట్టలోనే దాని గుట్టు బయటపడుతుంది. అందుకే మెకానిక్ టెన్షన్ మీటరుతో ఒక్కో పుల్లనూ కొలుస్తాడు, వేలితో మీటి ధ్వని వింటాడు, జంటలుగా చేత్తో నొక్కి మెలికలు విడిపిస్తాడు, మళ్లీ మొదటి పుల్ల నుంచి చూస్తాడు. ఈ పనికి ఇచ్చే కూలి ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది నాకు.

సస్పెన్షన్‌లో 36 మి.మీ. గొట్టాల ఫోర్కు తీసి ఫాక్స్ 38, రాక్‌షాక్స్ జెబ్ లాంటి 38 మి.మీ. గొట్టాలది పెట్టడం ఇప్పుడు బాగా నడుస్తున్న మార్పు. గొట్టం గోడ మందం అంతే ఉంటే వంగకుండా నిలిచే బిగువు వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 2 మి.మీ. తేడాకే అది 17 శాతం దాటుతుంది. 170 మి.మీ. ఫోర్కుకు వెళ్లినా, ఇందాకటి పొడవైన ఫోర్కు లెక్క మరవకూడదు.

వెనక షాక్ మార్చేముందు ఉన్నదాన్ని సరిగ్గా అమర్చుకుంటే సగం పని అయిపోతుంది. ఈవోలో షాక్ 55 మి.మీ. కుదించుకుంటే చక్రం 150 మి.మీ. లేస్తుంది, అంటే సగటున 2.7 రెట్లు. మనిషి ఎక్కి నిలబడగానే షాక్ 16 మి.మీ. దిగితే 30 శాతం సాగ్ వచ్చినట్టు. షాఫ్ట్ మీది రబ్బరు వలయం ఆ కొలత చూపిస్తుంది. పెద్ద దూకుడులో షాక్ అడుగంటుతోందని గాలి కొట్టేస్తే చిన్న రాళ్లకు స్పందించడం మానేస్తుంది. దాని బదులు గాలి గదిలో ఒక ప్లాస్టిక్ స్పేసరు వేస్తే మొదటి సగం ఇంచుమించు అంతే మెత్తగా ఉండి, చివరి భాగం మాత్రమే గట్టిపడుతుంది. కొన్ని రూపాయల ప్లాస్టిక్ ముక్క చేసే ఈ మేలు చూశాక, కొత్త షాక్ కోసం తొందరపడే మిత్రులను ఆపాలనిపిస్తుంది. కాయిల్ షాక్‌లోని స్ప్రింగు పొడవాటి దిగుడులో వేడికి గుణం మార్చుకోదు, నిజమే. కానీ చివర్లో తనంతట తాను గట్టిపడదు, ఆ పని ఫ్రేము లింకులు చేయాలి. షాక్‌ను పొడవాటి యోక్ (షాక్‌ను లింకుకు కలిపే చీలిక ముక్క) తోసే ఫ్రేముల్లో షాఫ్ట్ మీద పక్కబలం పడుతుంది. ఫ్రేము చేసినవాళ్లూ షాక్ చేసినవాళ్లూ ఇద్దరూ సరేనంటేనే కాయిల్ పెట్టాలి.

చైను గైడు, అడుగున బ్యాష్ గార్డు, 780 నుంచి 800 మి.మీ. వెడల్పు హ్యాండిలు, పొట్టి స్టెమ్ - ఇవి ఒక పూట పని.

ఇక హద్దు. రెండు క్రౌన్ల (ఫోర్కు కాళ్లను పైన కలిపి పట్టే దిమ్మల) డౌన్‌హిల్ ఫోర్కును, ఫాక్స్ 40 లాంటిదాన్ని, ట్రైల్ ఫ్రేముకు బిగించాలని చాలామందికి కోరిక. తయారీదారులు ఎక్కువమంది దాన్ని ఒప్పుకోరు, వారంటీ కూడా పోతుంది. కారణం భౌతికం: ఆ ఫోర్కు వంగదు కాబట్టి దెబ్బంతా హెడ్‌ట్యూబ్ అతుకు మీద పడుతుంది. హ్యాండిల్ బాగా తిప్పితే ఫోర్కు పై గొట్టాలు ఫ్రేముకు తగులుతాయి కూడా. సైకిళ్ల వాడకాన్ని వర్గాలుగా విభజించే ఏఎస్‌టీఎం ఎఫ్2043 ప్రమాణంలో మూడో వర్గం 61 సెంటీమీటర్ల లోపు దూకుళ్లకు, నాలుగోది 122 సెంటీమీటర్ల లోపు వాటికి. డౌన్‌హిల్ బైకు పార్కు దూకుళ్లు అయిదో వర్గం. పార్టులెన్ని మార్చినా ఫ్రేము వర్గం మారదు.

కాబట్టి నా తీర్పు ఇది. కాళ్లతో ఎక్కి, గట్టి దారిలో దిగాలనుకునేవారికి ఈ దిద్దుబాటు ఎంతో విలువైనది. టైర్లు, బ్రేకులు, వెనక చక్రం, కోణం - ఈ వరసలో చేయించుకోండి, ఫోర్కు తర్వాత చూడండి. ప్రతి సెలవుకూ కెనడాలోని విస్లర్ లాంటి బైక్ పార్కులో లిఫ్టు ఎక్కి దిగేవారు మాత్రం అక్కడే డౌన్‌హిల్ బైక్ అద్దెకు తీసుకోవడం మేలు. బే ఏరియాలో ఉంటున్న తెలుగువారు వీలు చూసుకుని ఫెయిర్‌ఫ్యాక్స్‌లో 2015లో తెరిచిన మెరిన్ మ్యూజియం ఆఫ్ బైసైక్లింగ్‌కు వెళ్లి, ఆ పాత రీప్యాక్ కాలపు సైకిళ్లను దగ్గరగా చూడండి. ఏ మార్పు చేయించినా, కొండకు వెళ్లేముందు ఫుల్‌ఫేస్ హెల్మెట్, మోకాలి ప్యాడ్లు కొనండి. ఫోర్కు కింది కాళ్లలో నూనె 50 గంటల వాడకానికొకసారి మార్పించండి.