తీగె బిగించు చేతులు

రాయపూరు చెంత ఉర్లాలో ఎఱ్ఱగా కాఁగిన ఇనుపదిమ్మె రోలింగు మిల్లున దూఱి కమ్మియై వెలువడుట చూచునప్పుడెల్ల నాకు కోలారు గనులు స్మరణకు వచ్చును. తెలుఁగు మాట వీథివీథిని వినవచ్చు ఆ సీమలో, 1980ల నాఁడు, భూతలమునకు 2300 మీటర్ల లోఁతున, ప్రోటాను క్షయమును కనిపెట్టుటకై ఇనుపగొట్టములను 34 వరుసలుగా పేర్చి 140 టన్నుల పరికరమును నిలిపిరి.

గొట్టము నడుమ సన్నని తీగె; చుట్టును వాయువు. విద్యుదావేశముగల కణము దూసికొనిపోవునపుడు పరమాణువులనుండి వేఱుపడిన ఎలక్ట్రానులు తీగెవైపు పరుగిడి, దానిని చేరఁబోవుచు మఱిన్నింటిని రాల్చి, విద్యుత్స్పందమును కలిగించును. ఏ వరుసలో ఏ తీగె పలికెనో గుఱుతించి చుక్కలు కలిపినచో కణము నడచిన త్రోవ కన్పట్టును. తీగె లాగిన డొంకంతయు కదలుట యిచ్చట అక్షరసత్యము.

1968లో భౌతికశాస్త్రజ్ఞుఁడు షార్పాక్ ఒకే పెట్టెలో పెక్కుతీగెలను సమాంతరముగా బిగించెను. ఆ విద్యయే కణములను ఢీకొట్టించు కొలైడరులకెక్కెను. సెర్ను ప్రయోగశాలలోని సీఎంఎస్ అను కణశోధక పరికరమున 3.8 టెస్లాల అయస్కాంతక్షేత్రము కణపథమును వంచును. వంపు తగ్గినకొలఁది ద్రవ్యవేగము హెచ్చు. అందలి అంతర్భాగమున తీగెలకు మాఱుగా సిలికాను పలకలున్నవి.

నా మనసు మాత్రము తీగె బిగించువాని చేతులయొద్దనే నిలుచును. వదులైనచో తీగె జాఱి నడిమికి తప్పును, మిక్కిలి లాగినచో తెగును, ధూళికణ మొకటి అంటినను నిప్పురవ్వ రాలును. బిగించిన తీగెను కంపింపఁజేసి, ఆ కంపనసంఖ్యనుబట్టి బిగువు కొలుతురు. తంబురా శ్రుతిచేయువాఁడు చెవియొగ్గినట్లే.