బిడ్డ ఒక్కటే, గదులు నాలుగు

పుట్టిన రెండు మూడు రోజులకు చాలమంది శిశువులకు ఒళ్లు పచ్చబడుతుంది. ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే బిలిరూబిన్ అనే పసుపువన్నె పదార్థాన్ని లేత కాలేయం వెంటనే తొలగించలేకపోవడమే దీనికి కారణం. సాధారణంగా ఇది కొద్దిరోజులలో తగ్గిపోతుంది. కాని ఆ పదార్థం మితిమీరి పెరిగి, సకాలంలో చికిత్స జరగకపోతే, రక్తం నుండి మెదడులోకి చేరుతుంది. కదలికలను అదుపుచేసే భాగాలు దెబ్బతిని కాలుసేతులు వశం తప్పుతాయి. శ్రవణమార్గం చెడి వినికిడి తగ్గుతుంది. కండ్లు పైకెత్తి చూడడం కష్టమవుతుంది. పాలపండ్ల పింగాణీ సైతం పాడవవచ్చు. ఇంత జరిగినా తెలివి మాత్రం నిలిచి ఉండవచ్చు.

ఇట్టి పిల్లవాడు జి. కొండూరు మండలంలో ఒక మామిడితోట కూలీ ఇంట ఉన్నాడనుకొందాం. వాణ్ణి వ్యాయామ చికిత్సకుడు, శ్రవణ నిపుణుడు, కంటి పరీక్షకుడు, దంతవైద్యుడు వేర్వేరు గదులలో చూస్తారు. ఎవరి సలహా వారి శాస్త్రం ప్రకారం సరైనదే. కాని చెవి వినబడని వానికి నోటిమాటతో వ్యాయామం నేర్పితే ఏమి ప్రయోజనం? చేతులు వశంలో లేనివాడు సైగలభాష ఎట్లు నేర్వగలడు? కండ్లు పైకెత్తలేని వానికి నల్లబల్ల ఎంత ఎత్తున ఉండాలో బడిపంతులుకు ఎవరు చెప్పాలి? కోతల రోజులలో కూలి మానుకొని తల్లి నాలుగుమార్లు పట్నం పోగలదా? ఈ ప్రశ్నలు ఏ ఒక్క గదికీ చెందినవి కావు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఈ లోపాన్ని కొంతవరకు గుర్తించినది. పుట్టుక మొదలు 18 ఏండ్ల వరకు పిల్లలను పరీక్షించడం, సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లడం, లోపం కనబడినవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపడం దీని ప్రణాళిక. ఆ కేంద్రంలో శిశువైద్యుడు, మనస్తత్వవేత్త, ప్రత్యేక ఉపాధ్యాయుడు మొదలైన వారందరికీ చోటున్నది. నిపుణులను ఒకే కప్పు క్రిందికి తేవాలన్న ఈ ఆలోచన మెచ్చదగినది.

ఐతే కప్పు ఒకటైనంత మాత్రాన చూపు ఒకటి కాదు. వైద్యునికి ఒక మండలి, దంతవైద్యునికి మరొకటి, ప్రత్యేక ఉపాధ్యాయునికి 1992 నాటి చట్టంతో బలపడిన పునరావాస మండలి. ఎవరి పాఠ్యక్రమం వారిది, ఎవరి పరీక్ష వారిది. చదువుకొనే కాలంలో ఒకరి మాట ఒకరు వినని వారిని ఉద్యోగంలో చేరిన పిమ్మట హఠాత్తుగా బృందం కమ్మనడం న్యాయమేనా? నిపుణుల జాబితా బృందం కాజాలదు.

దీనికి దారి మనవద్ద లేకపోలేదు. 1984లో సికింద్రాబాదులో నెలకొన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పసితనపు చికిత్సలో నడిపిన డిప్లొమా, భిన్న శాస్త్రాలవారికి ఒకే శిశువును సమగ్రంగా చూడడం నేర్పడానికి ఉద్దేశింపబడినది. అమెరికాలో 1963 నాటి చట్టం విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఇట్టి శిక్షణ కేంద్రాల నిర్మాణానికి ధనమిచ్చినది. నేడు అక్కడ లెండ్ అనే శిక్షణలో దీర్ఘకాల అభ్యాసకులు కనీసం 300 గంటలు గడుపుతారు. వైద్యులు, చికిత్సకులతో పాటు పిల్లల కుటుంబసభ్యులు కూడా అందులో అభ్యాసకులుగా చేరవచ్చు. ఆ ఏర్పాటులో మనం ముఖ్యంగా గమనింపవలసినది ఇదే.

ఈ రంగంలో నాయకత్వమంటే పెత్తనం కాదు. నలుగురి సలహాలలో పొసగనివి ఎత్తిచూపి, వాటిని ఒకే కాగితం మీద, తల్లి ఇంటిపనుల నడుమ ఆచరించగల రీతిలో అమర్చే నేర్పు అది. అది శిశువైద్యునికే రావాలని లేదు. ప్రత్యేక ఉపాధ్యాయుడు కూడా ఆ బాధ్యత వహింపగలడు. కాని అది పదవితో రాదు, అభ్యాసంతోనే వస్తుంది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలను వేర్వేరు గంటలలో చెప్పుకొనే మనకు ఈ చిక్కు క్రొత్తది కాదు. ప్రకృతిలో ఆ గంటలు లేవు. బిడ్డ శరీరంలోనూ లేవు.

కావున ఈ కేంద్రాల జయాపజయాలను పరీక్షించిన పిల్లల సంఖ్యతో మాత్రమే కొలువరాదు. ఆ పిల్లవాడు తన బడిలో కూర్చొని, పాఠం అందుకొని, తన తెలివిని పంతులుకు తెలియజేయగలిగాడా అన్నదే అసలైన కొలత. అందుకు నిపుణులను చేర్చడంతో సరిపోదు, వారిని కలిపి చదివించాలి.