టర్బో సి++: ఉంచవలెనా, మార్చవలెనా?

పనిముట్టు పాతబడినదని పారవేయుట తొందరపాటు. అలవాటైనదని అంటిపెట్టుకొనుట సోమరితనము. గాజువాక చేరువనున్న విశాఖ ఉక్కు కర్మాగారములో ‘గోదావరి’ అను బ్లాస్ట్ ఫర్నేసు 1990లో పని ప్రారంభించినది. అదే సంవత్సరమున అమెరికాలోని బోర్లాండ్ సంస్థ ‘టర్బో సి++’ అను ప్రోగ్రాము రచనా సాధనమును వెలువరించినది. ఏళ్ళ తరబడి పనిచేసిన పిదప ఆ ఫర్నేసును ఆపి, బాగుచేసి, 3,200 ఘనమీటర్లుగా నున్న దాని పరిమాణమును 3,800కు పెంచిరి. టర్బో సి++ మాత్రము ఆంధ్రదేశపు అనేక కళాశాలల ప్రయోగశాలలలో చాలకాలము నాటినట్లే నిలిచినది. కొన్నిచోట్ల నేటికిని నిలిచియున్నది. దానిని ఉంచవలెనా, మార్చవలెనా అను ప్రశ్నకు ఉత్తరము దాని వయస్సులో కాక గుణదోషములలో వెదకవలెను.

సి, సి++ భాషలలో వ్రాసినదానిని యంత్రమునకు అర్థమగు సంకేతములుగా మార్చునది కంపైలర్. టర్బో సి++లో వ్రాసికొను తావు, కంపైలర్, తప్పులు వెదకు సాధనము, సహాయ సూచికలు అన్నియు ఒకే నీలి తెరమీద నమర్చబడినవి. కంట్రోల్, ఎఫ్9 మీటలను కలిపి నొక్కిన ప్రోగ్రాము నడచును. ఒక్కొక్క పంక్తినే నడిపించుచు చరరాశి విలువ ఎట్లు మారుచున్నదో చూడవచ్చును. కొలది సూచనలతో తెరపై వృత్తము గీయవచ్చును. స్వల్పమైన జ్ఞాపకశక్తి గల ఆనాటి కంప్యూటర్లలో ఇన్ని సౌకర్యములు కల్పించుట సామాన్యమైన విషయము కాదు. ఒక తరము విద్యార్థులు దానివలన ప్రోగ్రాములు వ్రాయ నేర్చిరి.

ఐతే అది 16 బిట్ల డాస్ యంత్రముల కొరకు పుట్టినది. 64 బిట్ల విండోస్ దానిని నేరుగా నడపజాలదు. అందుచేత ‘డాస్‌బాక్స్’ అను వేరొక ప్రోగ్రాముతో పాత యంత్రమును అనుకరింపజేసి, అందులో దీనిని నడపుచున్నారు. ఇందులో సామాన్య పూర్ణాంకము 16 బిట్లది. 32,767ను మించిన సంఖ్య అందులో ఇమడదు. క్రమగుణితములను లెక్కించు ప్రోగ్రాము వ్రాసినచో 7 క్రమగుణితము 5,040 అని సరిగా వచ్చును. 8 క్రమగుణితము 40,320 కావలసియుండగా −25,216 అని వచ్చును. ధన సంఖ్యలను గుణించగా ఋణ సంఖ్య వచ్చుట చూచి విద్యార్థి కంగారుపడును.

కొత్త కంపైలర్లలో పూర్ణాంకము సామాన్యముగా 32 బిట్లది. అందు 12 క్రమగుణితము 47,90,01,600 సరిగానే వచ్చును. కాని 13 క్రమగుణితము 6,22,70,20,800 కావలసియుండగా సాధారణముగా 1,93,20,53,504 అని కనబడును. ఇది ఋణ సంఖ్య కాదు గనుక తప్పని అనుమానమైనను కలుగదు. సాధనము మారినంతమాత్రమున హద్దు తొలగలేదు, దూరముగా జరిగినది. ఈ ఒక్క విషయమున పాత సాధనమే మేలైన గురువు, ఏలనన దాని తప్పు వెంటనే బయటపడును. దీనినిబట్టి చూడగా, సంఖ్యల హద్దు చిన్నదనుట టర్బో సి++ను తొలగించుటకు తగిన కారణము కాదు.

అసలు దోషము వేరు. సి++ భాషకు 1998లో అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినది. టర్బో సి++ అంతకు పూర్వపుది. ‘ఐఓస్ట్రీమ్.హెచ్’ అను పాత శీర్షిక, ‘వాయిడ్ మెయిన్’ అను ఆరంభము, తెరను తుడుచు ‘క్లియర్ స్క్రీన్’ సూచన — వీనిని విద్యార్థి భాషలోని భాగములని తలచి కంఠస్థము చేయును. నిజమునకు ఇందు కొన్ని ప్రమాణమునకు పూర్వపువి, కొన్ని ఆ సాధనపు సొంత అలవాట్లు. తన ప్రయోగశాలలో పూర్తి మార్కులు తెచ్చిన ప్రోగ్రామును ఉద్యోగ పరీక్షలోని కొత్త కంపైలర్ మొదటి పంక్తిలోనే నిరాకరించును. అప్పుడా విద్యార్థి తన తెలివినే శంకించుకొనును. లోపము అతనిది కాదు. భాషకును సాధనమునకును గల భేదమును చెప్పని బోధనది.

మార్పునకు డబ్బు అడ్డమనుట చెల్లదు. రిచర్డ్ స్టాల్మన్ 1987లో విడుదల చేసిన జిసిసి కంపైలర్ నాటినుండి నేటివరకు ఉచితమే. ‘కోడ్ బ్లాక్స్’ వంటి ఉచిత సాధనములు పాత నీలి తెరవలెనే అన్నిటిని ఒకేచోట చేర్చి ఇచ్చుచున్నవి. జిసిసిలో హెచ్చరికలన్నిటిని చూపుమని కోరినచో అనేక పొరపాట్లను ముందే తెలుపును. నిజమైన ఖర్చు ఉపాధ్యాయుని శ్రమ: ప్రయోగ పుస్తకములు తిరిగి వ్రాయవలెను, బొమ్మల పాఠములకు వేరు మార్గము చూడవలెను. ఈ శ్రమను తేలికగా చూచుట న్యాయము కాదు.

ఉక్కు కర్మాగారములో ‘గోదావరి’, ‘కృష్ణ’ ఫర్నేసులను ఒక్కసారిగా ఆర్పలేదు. ఒకదాని తరువాత నొకటిగా బాగుచేసిరి. ప్రయోగశాలలోను ఆ క్రమమే తగును. మొదటి కొన్ని వారములు అవే అభ్యాసములను రెండు సాధనములలోను చేయించి, ఎక్కడ తేడా వచ్చినదో, ఆ తేడా భాషదో సాధనముదో విద్యార్థులచేతనే చెప్పించవలెను. పిదప బోధన యంతయు కొత్తదానిలో సాగవలెను. పాతదానిని ఒక్క పాఠమునకు ఉంచుకొనవచ్చును: అందులో 8 క్రమగుణితమును, కొత్తదానిలో 13 క్రమగుణితమును లెక్కించి, రెండును ఎందుకు తప్పినవో కాగితముమీద వివరించగల విద్యార్థికి ఇకమీదట ఏ సాధనము మారినను భయముండదు.