ఇల్లు విప్పిన కలప: కొనుగోలులో కొలమానాలు

గోదావరి జిల్లాల్లో పాత మండువా లోగిళ్లను, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి చుట్టూ వసారాలు దింపిన ఇళ్లను, విప్పినప్పుడు దిగే దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు కలప అడితీలకు చేరి, తరచు బర్మా టేకు అన్న పేరుతో అమ్ముడుపోతాయి. బర్మా రేవుల నుంచి తూర్పు తీరానికి టేకు దిగిన మాట నిజమే గాని, ఎగువ అడవుల్లో నరికిన టేకు కూడా గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రికి చేరేది కాబట్టి, ఆ పేరును చూసి ధర కట్టడం వివేకం కాదు. కొనవలసింది చేవను, మాను నడిమి భాగంలో సహజ తైలాలు పట్టి, చెదను తట్టుకునేంతగా ముదిరిన గోధుమరంగు చెక్కనే చేవ అంటారు. పెద్ద మానుల నుంచి కోసిన పాత దూలాల్లో చేవ పాలు ఎక్కువ, వాటి అసలు విలువ అదే. వయసు గీతలు దగ్గరగా ఉన్నాయి గనుక బలం ఎక్కువన్న వర్తకుల వాదం మాత్రం టేకు విషయంలో అంతగా నిలవదు.

పరీక్ష కొసల నుంచి మొదలుకావాలి. గోడలో దిగిన దూలం కొస చెమ్మను పీల్చి లోలోపల చీకుతుంది, మండువా స్తంభం వాన జల్లు పడే అడుగు దగ్గర పాడవుతుంది. అక్కడ ఉలి మొనతో ఎత్తినప్పుడు పొడుగాటి పేళ్లు లేస్తే చెక్క గట్టిదని, పొట్టి ముక్కలుగా తెగితే చీకినదని గ్రహించవచ్చు. సన్నని రంధ్రాలు కనిపించినంత మాత్రాన కర్రను తోసిపుచ్చనక్కరలేదు గాని, తుడిచిన చోట మళ్లీ తెల్లని మెత్తటి పొడి చేరుతున్నదంటే లోపల పురుగు బతికే ఉన్నట్టు.

ఇంతకంటే ఎక్కువమంది తప్పేది లెక్కలో. 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం, 12 అడుగుల పొడవు గల దూలం అడితీ కొలతలో 2 ఘనపుటడుగులు. నాలుగు ముఖాల్లోనూ అర అంగుళం చొప్పున కోసి, చిత్రిక పట్టి, చీకిన కొసలు ఒక్కో అడుగు తీసేస్తే చేతిలో మిగిలేది ఒక ఘనపుటడుగు కంటే కాస్త ఎక్కువ. కొత్త చెక్కలోనూ తరుగు ఉంటుంది గాని ఇంత ఉండదు. పైగా చెక్కలో మిగిలిపోయిన మేకులు రంపం పళ్లను విరుస్తాయి కాబట్టి, అయస్కాంతంతో వెతికి పీకించే కూలి కూడా ధరలో కలుపుకోవాలి. ఈ లెక్కన పాత దూలం బేరం కొత్త టేకు ధరలో సగం దాటితే, చెక్కడపు పని ఉన్న ద్వారబంధానికి తప్ప, అది లాభసాటి కాదనే చెప్పాలి.

రంగు వేసిన తలుపులకు వేరే జాగ్రత్త అవసరం. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది గనుక, అంతకు ముందటి పూతను ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే లేచే ధూళి పిల్లలకు విషమే కావచ్చు. క్రియోసోట్ అనే తారు నూనె పట్టించిన రైలు స్లీపర్లు ఎంత చవకైనా ఇంటి సామానుకు పనికిరావు.

కొన్న దూలాన్ని నిలువునా చీల్చగానే లోపల అణగి ఉన్న బిగువు సడలి, పలకలు వంగే అవకాశం ఉంది. అందుకే అనుభవం గల వడ్రంగి వాటిని కావలసిన మందం కంటే కాస్త ఎక్కువగా కోసి, కొన్నాళ్లు నీడలో పేర్చి ఉంచిన తరువాతే చివరి కొలతకు చిత్రిక పడతాడు.