నాటే ముందే నాలుగేళ్ల లెక్క

ఉద్యోగం వదిలి ఊళ్లో ఆయిల్‌పామ్ వేస్తామనే కుర్రాళ్లు ఈమధ్య తరచూ కలుస్తున్నారు. వాళ్ల ఉత్సాహం నాకు నచ్చుతుంది. అయినా ఒక్క ప్రశ్న అడగకుండా ఉండలేను: తొలి గెల తెగేదాకా ఇల్లు ఎలా గడుస్తుంది?

తొమ్మిది మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 57 మొక్కలు పడతాయి. కాపు అందడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ తర్వాత పాతికేళ్లు తోట మనతోనే ఉంటుంది. పత్తిలాగా మరుసటి ఏడాది మార్చేసే వీలుండదు. అందుకే ఈ సాగులో వ్యాపార దక్షత గుంట తీయకముందే కావాలి. ఎదిగిన చెట్టుకు వేసవిలో రోజుకు 200 లీటర్లకు పైగా నీళ్లు కావాలి కనుక, బోరును ఏప్రిల్, మే నెలల్లో పరీక్షించాలి. వరసల మధ్య మొక్కజొన్న, కూరగాయలు, అరటి వేసి ఇంటి ఖర్చు రాబట్టాలి. 2021లో మొదలైన జాతీయ వంటనూనెల మిషన్ మొక్కలకూ, తొలి నాలుగేళ్ల సాగుకూ సాయం చేస్తుంది. అది ఆసరా మాత్రమే, ఆదాయం కాదు.

కోత మొదలయ్యాక గడియారంతో పని. తెగిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీ చేరకపోతే ఆమ్లాలు పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. పచ్చిగా కోస్తే నూనే తగ్గుతుంది. చెట్టు ఎత్తు పెరిగేకొద్దీ పొడవాటి గెడకు కొడవలి కట్టి కోసే నేర్పరులు కావాలి. ఇరుగుపొరుగు తోటలవాళ్లు కలిసి కోత ముఠానూ ట్రాక్టరునూ మాట్లాడుకుంటే అందరికీ మేలు. భూమి లేని యువకులకైతే ఆ కోత, ఆ రవాణాయే మంచి వ్యాపారం.

ధర మాత్రం మన చేతిలో లేదు. ముడి పామాయిల్‌పై మౌలిక దిగుమతి సుంకాన్ని కేంద్రం 2024 సెప్టెంబరులో 20 శాతం చేసింది, 2025 మేలో 10 శాతానికి దించింది. అలాంటి మార్పు గెల ధరను తాకుతుంది. అయినా ధర కట్టే తీరు తెలిస్తే అడిగే వీలుంటుంది. తెలంగాణలోని అశ్వారావుపేట ఫ్యాక్టరీలో గెల ధరకు లెక్కగట్టే నూనె శాతాన్నే తమకూ కట్టాలని గోదావరి జిల్లాల రైతులు నిలదీయగలిగారంటే, గెల ధర ఎలా కడతారో వాళ్లకు తెలుసు కాబట్టే.

నర్సరీకి వెళ్లేముందు పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థకు వెళ్లండి. ఆపైన పదేళ్ల తోట ఉన్న రైతు దగ్గర కూర్చుని ఖర్చుల పుస్తకం చూపించమనండి. ధర పడిపోయిన ఏడు ఎలా గట్టెక్కారో అడగండి. మీ పాతికేళ్లలోనూ అలాంటి ఏడు తప్పకుండా వస్తుంది.